అమ్మ మోకాళ్ళకి ఆయుర్వేదం అంటోంది. మొదటిసారి వెళ్తే ఏం అడుగుతారు, ఏం తీసుకెళ్ళాలి?

ఎంవీపీ_మాధవి
అమ్మకి 61 ఏళ్ళు. రెండు మోకాళ్ళూ అరిగాయని ఎముకల డాక్టర్ ఎక్స్‌రే చూసి చెప్పారు. ఆపరేషన్ ఇప్పుడే అక్కర్లేదు, బరువు తగ్గండి, ఫిజియోథెరపీ చేయించుకోండి అన్నారు. బరువు తగ్గలేదు. ఫిజియోథెరపీకి నాలుగు రోజులు వెళ్ళి మానేసింది. ఇప్పుడు పక్క ఫ్లాట్ ఆంటీ సీతమ్మధారలో ఎవరో ఆయుర్వేదం డాక్టర్ ఉన్నారని చెప్పారు. లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా అదే పాట.

నాకు ఆయుర్వేదం మీద కోపం లేదు, పెద్ద నమ్మకమూ లేదు. అక్కడ ఏం జరుగుతుందో తెలిస్తే చాలు. చెయ్యి పట్టుకుని చూసి పొట్లాలు ఇచ్చేస్తారా? రిపోర్టులు చూస్తారా? అమ్మ పొద్దున్నే థైరాయిడ్ మాత్ర, తర్వాత బీపీ మాత్ర వేసుకుంటుంది. అవి మానేయమంటారా? మా పెద్దమ్మని ఒకాయన అలాగే మానేయమన్నాడు, ఆ కథ వేరు.

‘ఆయుర్వేదం గొప్పది’, ‘ఆయుర్వేదం బోగస్’ అనేవాళ్ళు దయచేసి ఇంకో థ్రెడ్ చూసుకోండి.

గాజువాక_గిరి
ఆఖరి వాక్యం రాశారుగా, ఇక ఆ రెండు రకాలవాళ్ళే వస్తారు చూడండి.

సూటిగా_సుబ్బు
బోగస్.

గాజువాక_గిరి
ఒకటి వచ్చింది.

సింహాచలం_సంపెంగ
వేల ఏళ్ళ నాటి శాస్త్రాన్ని ఒక్క ముక్కలో కొట్టిపారేశారు. మీ ఇంట్లో జలుబు చేస్తే మిరియాల కషాయం కాచుకోరా సుబ్బు గారూ?

గాజువాక_గిరి
రెండోది కూడా వచ్చింది. మాధవి గారూ, ఇక మనం మొదలుపెట్టొచ్చు.

ఉక్కునగరం_బాబాయ్
నేను వెళ్ళానమ్మా. మోకాళ్ళకి కాదు, సైనస్‌కి. మొదటి రోజు యాభై నిమిషాలు కూర్చోబెట్టారు. నా సర్వీసు మొత్తంలో మా ఆఫీసర్లు కూడా నాతో అంతసేపు మాట్లాడలేదు. ముక్కు గురించి అడిగింది ఐదు నిమిషాలే. మిగతాదంతా ఆకలి ఎలా వేస్తుంది, తిన్నది ఎంతసేపటికి అరుగుతుంది, విరేచనం రోజూ అవుతుందా, గట్టిగానా జిగటగానా, నీళ్ళలో తేలుతుందా మునుగుతుందా (నేను ఎప్పుడూ చూసుకోలేదండీ అన్నాను, రేపటి నుంచి చూడండి అన్నారు), దాహం, చెమట, చన్నీళ్ళు ఇష్టమా వేన్నీళ్ళు ఇష్టమా, రాత్రి ఎన్నిసార్లు లేస్తారు, షిఫ్టు డ్యూటీలు ఎన్నేళ్ళు చేశారు... ఇలాగ. నిద్ర బాగానే పడుతుందండీ అని నేను అనగానే పక్కనుంచి మా ఆవిడ “ఈయనకి పడుతుంది, నాకు పట్టదు, ఆ గురక విన్నాక” అంది. డాక్టర్ గారు అదీ రాసుకున్నారు.

తర్వాత నాలుక చాపమన్నారు. కింది రెప్ప లాగి చూశారు, గోళ్ళు చూశారు, కుడి చేతి నాడి చూశారు. సైనస్‌కి అణుతైలం ముక్కులో వేశారు. ముందు ముఖానికి నూనె రాసి ఆవిరి పట్టించి, వెల్లకిలా పడుకోబెట్టి, తల కాస్త వెనక్కి వాల్చి చుక్కలు వేస్తారు. గొంతులోకి దిగింది మింగకుండా ఉమ్మేయాలి. వారం రోజులు. ఏడాదికి ఆరుసార్లు వచ్చేది ఇప్పుడు రెండుసార్లు వస్తోంది. అది నూనె మహిమో, రిటైరై నైట్ షిఫ్టులు తప్పిన మహిమో నాకైతే తెలియదు.

కంచరపాలెం_కుర్రోడు
“రేపటి నుంచి చూడండి” 😂 బాబాయ్, చూశారా మరి?

ఉక్కునగరం_బాబాయ్
చూశాను. ఇక్కడ రాయను.

బీఏఎంఎస్_బాలు
నేను ఆయుర్వేదం డాక్టర్‌నే, వైజాగ్ కాదు, శ్రీకాకుళం. బాబాయ్ గారు చెప్పింది దాదాపు ప్రతిచోటా జరిగేదే. చెయ్యి పట్టుకోగానే అన్నీ తెలిసిపోతాయన్నది సినిమాల్లో మాట. మాకు నేర్పేది అష్టవిధ పరీక్ష: నాడి, మూత్రం, మలం, నాలుక, కంఠస్వరం, స్పర్శ, కళ్ళు, ఆకారం. అంటే నాడి ఎనిమిదింట్లో ఒకటి. మణికట్టు మీద బొటనవేలి వైపు మూడు వేళ్ళు ఆనిస్తాం. చూపుడువేలి కింద వాతం, మధ్యవేలి కింద పిత్తం, ఉంగరం వేలి కింద కఫం. మగవాళ్ళకి కుడి చెయ్యి, ఆడవాళ్ళకి ఎడమ చెయ్యి. మెట్లెక్కి వచ్చిన మనిషికి వెంటనే చూస్తే నాడి ఇంకా మెట్ల మీదే ఉంటుంది, అందుకే కాసేపు కూర్చోబెడతాం. పొద్దున్న పరగడుపున అయితే మేలు. కాఫీ తాగి వచ్చి నాలుక చూపించకండి, నాకు కాఫీ రంగే కనిపిస్తుంది.

తీసుకెళ్ళాల్సింది ఒక్కటే: మందుల పెట్టె. ఎక్స్‌రే, రిపోర్టులు ఎలాగూ పట్టుకెళ్తారు. కానీ వేసుకుంటున్న మాత్రల స్ట్రిప్పులన్నీ ఒక సంచిలో వేసుకుని బల్ల మీద పెట్టండి. మందులేమైనా వాడుతున్నారా అని అడిగితే మన జనం “ఏమీ లేవండీ” అంటారు. అరగంట తర్వాత “ఆ, పొద్దున ఒకటి, రాత్రి రెండు” అని బయటికి వస్తుంది.

బీపీ, షుగర్, థైరాయిడ్, గుండె, ఫిట్స్ మాత్రలు మొదటి రోజే ఆపేయండి అనేవాళ్ళు తగిలితే ఫీజు వెనక్కి అడగక్కర్లేదు, చెప్పులు వేసుకుని వచ్చేయండి.

సూటిగా_సుబ్బు
బాలు గారూ, మర్యాదగానే అడుగుతున్నాను. ఒకే మనిషిని ఇద్దరు వైద్యులకి చూపిస్తే ఇద్దరూ ఒకే నాడి చెబుతారా? మా అత్తగారికి ఒకరు వాతం అన్నారు, నెల తర్వాత ఇంకొకరు పిత్తం అన్నారు.

బీఏఎంఎస్_బాలు
ఎప్పుడూ ఒకటే చెప్పరు. దాచడం ఎందుకు, నాడి చాలావరకు చూసేవాడి చేతి అలవాటు. అందుకే ఒక్క నాడి పట్టి “మీకు ఫలానా జబ్బు” అని పేరు పెట్టేసేవాళ్ళని చూస్తే నాకే భయం. నేను మోకాలు నొప్పికి ఎక్స్‌రే చూస్తాను, అవసరమైతే యూరిక్ యాసిడ్, షుగర్ రాస్తాను.

సూటిగా_సుబ్బు
సరే, ఈ సమాధానానికి సగం ‘బోగస్’ వెనక్కి తీసుకుంటున్నా.

రాత్రిడ్యూటీ_రాణి
నర్సుని. ఆస్పత్రి పేరు అడగకండి. పోయినేడాది మా వార్డుకి ఒక పెద్దాయన వచ్చాడు. కీళ్ళ నొప్పులకి ఎవరో ఊరి మీద తిరిగే మనిషి దగ్గర పొడి కొన్నాడు. మూడో రోజుకల్లా నొప్పి మాయం. వీధి వీధంతా ఆ పొడి కొన్నారట. రెండు నెలలకి ముఖం గుమ్మడికాయలా గుండ్రంగా ఉబ్బింది, షుగర్ 400 దాటింది. కొడుకు భయపడి పొడి ఆపించేశాడు. అంతే, మంచం మీంచి లేవలేకపోయాడు, బీపీ పడిపోయింది, అప్పుడు మా దగ్గరికి తెచ్చారు.

పొడిలో స్టెరాయిడ్ మాత్రలు నూరి కలుపుతారు కొందరు. స్టెరాయిడ్ నెలల తరబడి బయట నుంచి వేస్తే ఒంట్లో సొంతంగా తయారయ్యేది నిద్రపోతుంది, టక్కున ఆపితే మనిషి కూలబడతాడు. కాబట్టి రెండు రోజుల్లో తగ్గించేసిన పొడిని చూసి సంతోషపడకండి, అనుమానపడండి. ఇప్పటికే వాడుతుంటే మీ అంతట మీరు ఆపేయకుండా పొడితో సహా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

సింహాచలం_సంపెంగ
అది ఆయుర్వేదం తప్పు ఎలా అవుతుంది రాణీ? కలిపినవాడి తప్పు.

రాత్రిడ్యూటీ_రాణి
ఆయుర్వేదం తప్పు అని నేనెక్కడ అన్నాను అక్కా? పేరు లేని పొట్లం తప్పు అంటున్నాను.

గాజువాక_గిరి
పెద్దమ్మ కథ ఎవరూ అడగరేంటి? “ఆ కథ వేరు” అని ఊరించి వదిలేశారు.

అనకాపల్లి_బెల్లం
మా తమ్ముడికి కళ్ళు పచ్చబడ్డాయి. కామెర్లే కదా అని పసరు పోయించాం. ముక్కులో చుక్కలు వేశారు, మూడు వారాలు ఉప్పు లేని చప్పిడి తిండి. వాడు సన్నబడ్డాడు తప్ప పచ్చదనం పోలేదు, పైగా ఒళ్ళంతా దురద. చివరికి స్కానింగ్ చేస్తే పిత్తనాళంలో రాయి అడ్డంపడి ఉంది. పసరు తాగితే రాయి ఎలా కదులుతుంది? ఆ మూడు వారాలకి ఇప్పటికీ మా అమ్మ బాధపడుతుంది.

రాత్రిడ్యూటీ_రాణి
పసరుకి అంత పేరు ఎందుకొచ్చిందో తెలుసా? హెపటైటిస్ ఏ అయితే చాలామందికి కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గిపోతుంది. పసరు తాగినా తగ్గేదే, తాగకపోయినా తగ్గేదే. పేరు పసరుకి. బి అయినా, రాయి అయినా, గర్భిణికి హెపటైటిస్ ఈ వచ్చినా కథ మారిపోతుంది. కళ్ళు పచ్చబడితే ముందు రక్తపరీక్ష, స్కానింగ్. తర్వాత ఏం తాగుతారో మీ ఇష్టం.

కంచరపాలెం_కుర్రోడు
ఎవరూ మంచి చెప్పట్లేదు కాబట్టి నేను చెబుతా. మా ఫ్రెండ్‌కి భగందరం (మలద్వారం దగ్గర ఫిస్టులా) వచ్చింది. కూర్చోలేడు, బైక్ నడపలేడు. ఒకసారి ఆపరేషన్ అయ్యాక మళ్ళీ వచ్చింది. ఆయుర్వేదంలో క్షారసూత్రం అని దారం కడతారు, వారం వారం మార్చాలి. తొమ్మిది వారాలు పట్టింది. మొదటి రెండు వారాలు నొప్పి, వేన్నీళ్ళ టబ్బులో కూర్చోవడం, ఆఫీసులో గాలి దిండు. కానీ పోయింది. మూడేళ్ళయింది, మళ్ళీ రాలేదు.

గాజువాక_గిరి
గాలి దిండు మీ ఫ్రెండ్‌దేనా తమ్ముడూ? రంగు కూడా గుర్తుందా?

కంచరపాలెం_కుర్రోడు
నీలం. అయినా మా ఫ్రెండ్‌దే.

బీఏఎంఎస్_బాలు
క్షారసూత్రం మా వైపు నుంచి గట్టిగా చెప్పుకోగలిగిన వైద్యం. నూలు దారానికి ఆకుజెముడు పాలు, ఉత్తరేణి క్షారం, పసుపు కలిపి మొత్తం 21 పూతలు వేస్తారు. ముందు 11 జెముడు పాలతోనే, తర్వాత 7 పాలు, క్షారంతో, చివరి 3 పాలు, పసుపుతో. కేంద్ర వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ కూడా దీన్ని మామూలు ఆపరేషన్‌తో పోల్చి చూసింది. మానడానికి ఎక్కువ వారాలు పట్టింది, కానీ తిరగబెట్టడం తక్కువ. సుబ్బు గారూ, ఇంకో పావు వంతు వెనక్కి తీసుకుంటారా?

సూటిగా_సుబ్బు
ఆలోచిస్తా.

పాడేరు_మనవడు
మా తాత నాటు వైద్యుడు. ఆయన దగ్గరికి వెళ్తే ఏం జరిగేదో చెబుతా, ఇప్పటి క్లినిక్కులకి దీనికి సంబంధం లేదు.

ఎవరైనా వస్తే ముందు నీళ్ళిచ్చి అరుగు మీద కూర్చోబెట్టేవాడు. పేరు, ఊరు, ఎవరి అబ్బాయివి, ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా, ఇవే ప్రశ్నలు. జబ్బు గురించి ఆఖర్న. మందు మర్నాడే. చీకటి ఉండగానే లేచి, దారిలో ఎవరు పలకరించినా పలక్కుండా కొండకి వెళ్ళి వేరు తవ్వి తెచ్చేవాడు. నూరి ఇచ్చేవాడు. డబ్బు ముట్టుకునేవాడు కాదు. కొబ్బరికాయ, గుప్పెడు బియ్యం, ఎవరైనా కోడిని తెస్తే మొహమాటపడేవాడు కాదు. తనవల్ల కాదనిపిస్తే “దీనికి ఆస్పత్రే” అని చెప్పేసేవాడు. పాముకాటు అయితే అరుగు కూడా ఎక్కనిచ్చేవాడు కాదు, జీపు ఎక్కించేవాడు.

కానీ మందు పేరు చెప్పేవాడు కాదు. పేరు చెబితే గుణం పోతుందనేవాడు. మా నాన్న అడిగినా చెప్పలేదు, పోయే ముందు చెబుతా అన్నాడు. 2009లో నిద్రలోనే పోయాడు. విరిగిన ఎముకకి కట్టే ఆకు ఒకటి ఉండేది ఆయన దగ్గర. నల్లేరు కాదు, నల్లేరు మాకు తెలుసు. మా నాన్న ఇప్పటికీ కొండకి వెళ్ళినప్పుడల్లా ఆకులు తుంచి వాసన చూస్తుంటాడు.

సింహాచలం_సంపెంగ
చదువుతుంటే మనసు అదోలా అయిపోయింది బాబూ.

మందులకొట్టు_మూర్తి
పూర్ణా మార్కెట్ వైపు మాది మూలికల కొట్టు, మా నాన్నగారి కాలం నుంచి. డాక్టర్ చీటీ పట్టుకుని వచ్చేవాళ్ళ కంటే ఫోన్‌లో వీడియో చూపించి “ఇది ఇవ్వండి” అనేవాళ్ళే ఇప్పుడు ఎక్కువ.

ఒక మాట చెప్పాలి. మూలిక పేరు తెలిసినంత మాత్రాన సరైన మూలిక చేతికొచ్చినట్టు కాదు. అశోక పట్ట అడుగుతారు. అసలు అశోకం వేరు, రోడ్ల పక్కన నిటారుగా పెరిగే చెట్టు వేరు. రెండో దాని పట్ట చవక, బస్తాల్లో అదే కలిసి వస్తుంది. తిప్పతీగ కూడా అంతే. 2021లో ముంబైలో కొందరికి తిప్పతీగ వాడాక లివర్ దెబ్బతిందని డాక్టర్లు రాశారు. ఆయుష్ శాఖేమో అసలు తీగ కాకుండా దాన్ని పోలిన వేరే తీగ అయి ఉండొచ్చు అంది. ఎవరిది నిజమైనా, కరోనా రోజుల్లో కంచె మీద కనిపించిన తీగనల్లా కాచుకుని తాగినవాళ్ళు మా వీధిలోనే బోలెడుమంది.

సూటిగా_సుబ్బు
కరోనా అంటే గుర్తొచ్చింది. 2021 మే నెలలో కృష్ణపట్నం మందు కోసం మా బావ నెల్లూరు దాకా వెళ్ళి, క్యూలో నిలబడి, కరోనా తెచ్చుకున్నాడు.

ఎంవీపీ_మాధవి
అందరికీ థాంక్స్. శనివారం వెళ్ళొచ్చాం. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా.

ఫీజు 300. బోర్డు మీద రిజిస్ట్రేషన్ నంబర్ ఉంది, చూశాను. పార్కింగ్ దొరక్క నేను రెండు సందులు తిరిగి వచ్చేసరికి అమ్మ లోపల కూర్చుని సగం జీవితచరిత్ర చెప్పేసింది. డాక్టర్ మంచాయన, ఓపిగ్గా విన్నారు. మోకాలు వంచి, తిప్పి, చెయ్యి పెట్టి కటకట శబ్దం చూశారు. ఎక్స్‌రే లైటు మీద పెట్టి చూశారు. “అరిగిన గుజ్జు నేను మళ్ళీ తేలేనమ్మా, నొప్పి తగ్గిస్తాను, బలం వచ్చేలా చూస్తాను, బరువు మీరే తగ్గాలి” అన్నారు. ఎముకల డాక్టర్ ఇదే మాట చెబితే అమ్మకి కోపం వచ్చింది. ఇక్కడ తల ఊపింది!

రాసినవి: యోగరాజ గుగ్గులు, రాస్నాసప్తక కషాయం, పైన రాసుకోవడానికి తైలం, ఏడు రోజులు జానువస్తి (మోకాలి మీద తైలం నిలిపి ఉంచడం). పథ్యం: పుల్లటి పెరుగు, వంకాయ, గోంగూర, రాత్రి పూట మినప వంటలు వద్దు. ఆదివారం వంజరం సంగతి అమ్మ భయంభయంగా అడిగింది, వేపుడు వద్దు పులుసు ఫర్వాలేదు అన్నారు. అమ్మ మొహం వెలిగిపోయింది. ఆరు వారాల తర్వాత మళ్ళీ రమ్మన్నారు.

ఇక్కడిదాకా బాగుంది. చివర్లో ఒక తెల్ల పొట్లం ఇచ్చారు, పొడి. లేబుల్ లేదు. ఇదేంటండీ అంటే “మా నాన్నగారి యోగం, అంటే ఆయన మందుల కలయిక, మేమే తయారుచేస్తాం, రోజూ రెండు పూటలా అర చెంచా తేనెతో” అన్నారు. ఏమేం ఉంటాయి అంటే నవ్వి “మూలికలేనమ్మా, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు” అన్నారు. అప్పటికే బయట పదిమంది కూర్చున్నారు, గట్టిగా అడగలేకపోయాను. ఆదివారం నుంచి అమ్మ వేసుకుంటోంది. నేను అనవసరంగా టెన్షన్ పడుతున్నానా?

రాత్రిడ్యూటీ_రాణి
అనవసరం కాదు.

సింహాచలం_సంపెంగ
అంత మంచిగా మాట్లాడిన డాక్టర్ స్టెరాయిడ్ కలుపుతాడా? వంశపారంపర్యంగా వచ్చిన యోగాలు అందరికీ చెప్పరు. ఆవకాయ కొలతలే పక్కింటివాళ్ళకి చెప్పం.

గాజువాక_గిరి
ఆవకాయలో ఏం వేశారో అడిగితే చెబుతాంగా, కొలత చెప్పం. ఆవిడ అడుగుతున్నది కూడా అంతే.

సూటిగా_సుబ్బు
గిరి మొదటిసారి పనికొచ్చే మాట అన్నాడు.

పాడేరు_మనవడు
మా తాత పేరు చెప్పకపోవడానికి ఆయన నమ్మకం ఆయనకి ఉంది. చదువుకుని బోర్డు పెట్టుకున్న డాక్టర్‌కి ఆ సాకు కుదరదు. అడగండక్కా.

బీఏఎంఎస్_బాలు
మా తోటి డాక్టర్ గురించి మాట్లాడ్డం ఇబ్బందే, అయినా చెబుతా. కొనే మందు అయితే డబ్బా మీద పదార్థాలు, తయారీ లైసెన్స్ నంబర్, బ్యాచ్, తేదీలు ఉండాలి. తన రోగికి తనే కలిపి ఇస్తే లేబుల్ ఉండకపోవచ్చు, కానీ ఏముందో చీటీ మీద రాయడానికి అడ్డేమీ లేదు. నేను రాస్తాను. “సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు” అనే మాట మాత్రం నాకు నచ్చలేదు. పనిచేసే మందు ఏదైనా ఎక్కడో ఒక దగ్గర తగులుతుంది.

ఇంకోటి. మీకు రాసింది ‘యోగరాజ గుగ్గులు’. కొట్లో ‘మహాయోగరాజ గుగ్గులు’ అని కూడా ఉంటుంది. ‘మహా’ అంటే మరీ మంచిదేమో అనుకుని జనం అది కొంటారు. అందులో సీసం, తగరం, వెండి, ఇనుము భస్మాలు (కాల్చి చేసిన పొడులు), పాదరసంతో చేసే రససింధూరం ఉంటాయి. చీటీలో ఏది రాస్తే అదే కొనండి, ‘మహా’ని ఎవరంతట వాళ్ళు కొనుక్కోకూడదు.

సూటిగా_సుబ్బు
2008లో అమెరికాలో ఇంటర్నెట్‌లో కొన్న 193 ఆయుర్వేద మందులు పరీక్షిస్తే దాదాపు ఐదో వంతులో సీసమో, పాదరసమో, ఆర్సెనికో బయటపడింది. ఇది నా మాట కాదు, పత్రికలో వచ్చిన పరిశోధన. నా పావు వంతు నా దగ్గరే ఉంచుకుంటున్నా.

బీఏఎంఎస్_బాలు
ఉంచుకోండి, న్యాయమే. భస్మం సరిగ్గా పుటం పెడితే, అంటే మూసిపెట్టి పదేపదే కాలిస్తే, విషం పోతుందని మా పాఠం. సరిగ్గా పెట్టారో లేదో రోగికి ఎలా తెలుస్తుంది అన్నది మీ ప్రశ్న. దానికి నా దగ్గర గట్టి జవాబు లేదు, అందుకే నేను భస్మాలు తక్కువ రాస్తాను.

ఎంవీపీ_మాధవి
అడిగాను! ఈసారి ఫోన్ చేసి, మధ్యాహ్నం జనం లేని వేళ వెళ్ళాను. “అమ్మ వేరే మాత్రలు వాడుతోంది కదండీ, వాళ్ళ డాక్టర్‌కి చూపించాలి, పేర్లు రాసివ్వండి” అన్నాను. ఆయన ఒక్కసారి తలెత్తి “ఏ మాత్రలు?” అన్నారు.

ఫైలు తీసి చూపించారు. ‘ఇతర మందులు: లేవు’ అని ఉంది. నేను పార్కింగ్ కోసం తిరుగుతున్నప్పుడు అడిగారట, అమ్మ ఏమీ వాడట్లేదు అని చెప్పిందట. మందుల సంచి నా చేతిలో, నేను సందులో. ఇంటికొచ్చి అమ్మని అడిగితే, “అవి మందులేంటే, చిన్న చిన్న మాత్రలు, ఏళ్ళ తరబడి వేసుకుంటున్నవే కదా” అంది.

ఆయన మారుమాట లేకుండా చీటీ వెనక రాశారు: అశ్వగంధ, శొంఠి, అతిమధురం, చోబచీని, మెంతులు. రాస్తూ రాస్తూ అతిమధురం దగ్గర ఆగి, దాన్ని ఆయనే కొట్టేశారు. తర్వాత అశ్వగంధ కూడా. పొట్లం వెనక్కి తీసుకున్నారు.

రాత్రిడ్యూటీ_రాణి
అమ్మయ్య. అతిమధురం ఎక్కువ రోజులు వాడితే ఒంట్లో ఉప్పు, నీరు నిలిచిపోయి బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. ఎన్ని రోజులు వేసుకున్నారు? ఒకసారి బీపీ చూపించండి.

ఎంవీపీ_మాధవి
పది రోజులు. చూపించాం, 150/90 ఉంది. అంతకుముందు 130 దగ్గర ఉండేది. ఇది పొడి వల్లో, పక్క ఫ్లాట్ ఆంటీ తెచ్చిన ఆవకాయ వల్లో చెప్పలేం అన్నారు ఫిజీషియన్. వారం తర్వాత మళ్ళీ చూద్దామన్నారు.

బీఏఎంఎస్_బాలు
అశ్వగంధ కొందరిలో థైరాయిడ్ హార్మోన్‌ని పెంచుతుంది. మాత్ర వేసుకునేవాళ్ళకి లెక్క తప్పుతుంది. గుగ్గులు కూడా థైరాయిడ్ జోలికి వెళ్ళే మందే, కాబట్టి ఆరు వారాల తర్వాత ఒకసారి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) చేయించండి. థైరాయిడ్ మాత్ర పరగడుపున నీళ్ళతో వేసుకుని, కషాయానికి కనీసం గంట ఎడం ఇవ్వండి. రేపెప్పుడైనా శంఖ భస్మం, లోహ భస్మం, మండూరం లాంటివి రాస్తే నాలుగు గంటలు ఎడం ఉండాలి. కాల్షియం, ఇనుము ఆ మాత్రని ఒంటికి పట్టనివ్వవు.

తప్పు ఒప్పుకుని కొట్టేశారు చూడండి, ఆ డాక్టర్ మీద నాకు గౌరవం పెరిగింది.

సింహాచలం_సంపెంగ
నేను ముందే చెప్పాను మంచాయన అని.

సూటిగా_సుబ్బు
ఆవకాయ కొలతలు చెప్పరు అని కూడా చెప్పారు.

ఉక్కునగరం_బాబాయ్
జానువస్తి ఎలా ఉందమ్మా? మా ఆవిడ అడగమంటోంది.

ఎంవీపీ_మాధవి
బాబాయ్ గారూ, అది చూడ్డానికే వెళ్ళాలి. మినప్పిండి గట్టిగా కలిపి, మోకాలి చుట్టూ చిన్న గట్టులా కడతారు, పాదు కట్టినట్టు. అందులో గోరువెచ్చటి తైలం పోస్తారు. చల్లారితే దూదితో పిండి తీసి మళ్ళీ వేడిది పోస్తారు, అరగంట పైగా. మొదటి రోజు అమ్మ “ఇంత మినప్పిండి! గారెలు వేసుకోవచ్చు” అని బాధపడింది. మూడో రోజు నుంచి అక్కడే నిద్రపోతోంది. ఏడు రోజులకి 3,500 అయింది. మెట్లు దిగేటప్పుడు నొప్పి కొంచెం తగ్గిందంటోంది. జానువస్తి చేసే అమ్మాయి చేయిస్తున్న కాలి వ్యాయామాలు కూడా చేస్తోంది మరి, అవి సరిగ్గా ఫిజియోథెరపీ వాళ్ళు చెప్పినవే! ఆ మాట నేను అనట్లేదు.

కంచరపాలెం_కుర్రోడు
అస్సలు అనకండి.

మందులకొట్టు_మూర్తి
కషాయం ఎలా కాస్తున్నారు? ఒక వంతు మందుకి పదహారు వంతుల నీళ్ళు పోసి, సన్నని సెగ మీద ఎనిమిదో వంతు మిగిలేదాకా కాయాలి, మూత పెట్టకూడదు. చాలామంది టీ మరిగించినట్టు రెండు పొంగులకి దించేసి పనిచేయట్లేదంటారు.

ఎంవీపీ_మాధవి
మూత లేకుండానే కాస్తున్నాం, అందుకే కింది ఫ్లోర్ వాళ్ళు వచ్చి మీ ఇంట్లో ఏమైనా మాడిపోతోందా అని అడిగి వెళ్ళారు.

గాజువాక_గిరి
అన్నీ అయ్యాయి. పెద్దమ్మ కథ?

ఎంవీపీ_మాధవి
సరే గిరి గారూ. షుగర్, థైరాయిడ్ ‘సమూలంగా’ పోగొడతానని గోడ మీద రాసుకున్న ఒకాయన దగ్గరికి వెళ్ళింది.

సూటిగా_సుబ్బు
అడ్డం వస్తున్నా. షుగర్ నయం చేస్తామని ప్రకటన వేయడమే 1954 చట్టం ప్రకారం నేరం. గోడ మీద రాసినా అంతే. చెప్పండి.

ఎంవీపీ_మాధవి
ఆయన మాత్రలన్నీ మానిపించాడు. నాలుగు నెలల్లో ముఖం, కాళ్ళు వాచాయి, గొంతు బొంగురుపోయింది, ఎండాకాలంలో దుప్పటి కప్పుకుని కూర్చునేది. మాట అడిగితే జవాబుకి నిమిషం పట్టేది, వయసు మీద పడింది అనుకున్నాం. చివరికి పది రోజులు ఆస్పత్రిలో ఉంది. మాత్ర మళ్ళీ మొదలుపెట్టాక నెమ్మదిగా మామూలు మనిషి అయింది. ఇక జన్మలో ఆకు పసరు మొహం చూడనని అప్పన్న మీద ఒట్టు పెట్టింది.

నిన్న అమ్మ ఫోన్‌లో మినప్పిండి గట్టు గురించి గంట సేపు చెప్పింది. రాత్రి పెద్దమ్మ నాకు ఫోన్ చేసి, “ఒట్టు తాగే వాటికేగానీ నూనెకి కాదులే, నాకూ ఒక అపాయింట్‌మెంట్ తీసుకో” అంది. శనివారం వెళ్తున్నాం. ఈసారి మందుల సంచి నేనే పట్టుకుని ముందు లోపలికి వెళ్తా, కారు ఎక్కడ పెట్టాలో పెద్దనాన్న చూసుకుంటారు.